ముప్ఫై ఎనిమిదో మేకు

ఆ ఆదివారానికి లిఫ్ట్ మెకానిక్ వేసుకున్న ప్లాను ఒక సర్వీసు రిపోర్టు కాగితం వెనక పట్టేంతే. నాలుగున్నరకు లేవాలి. రెండు అరటిపండ్లు తినాలి. ఆరున్నరకు చెరువులో దిగాలి. ఏడువందల యాభై మీటర్లు ఈదాలి, ఇరవై కిలోమీటర్లు సైకిలు తొక్కాలి, అయిదు కిలోమీటర్లు పరిగెత్తాలి. పదింటికల్లా గదికొచ్చి బట్టలుతుక్కుని, రెండింటికి ఆస్పత్రి లిఫ్టు దగ్గర డ్యూటీకెక్కాలి. కాగితాన్ని గోడకు అంటించాడు. తను తప్ప చదివేవాళ్ళు లేకపోయినా తేదీ వేసి సంతకం కూడా పెట్టాడు.

అతని గది పద్నాలుగు అంతస్తుల భవనం నెత్తిన, లిఫ్టు మోటారును ఆనుకుని ఉంది. అద్దె లేదు. అదేదో కంపెనీవాళ్ళ దయ అనుకునేరు. లిఫ్టు ఆగిన మరుక్షణం మనిషి దొరకాలి, అంతే. మోటారు గుర్రుమంటే ఎవరో ఇంటికొస్తున్నట్టు, టక్కుమని ఆగితే చేరినట్టు. తొమ్మిదేళ్ళుగా అతని సాయంకాలాలు గోడ అవతల ఇతరులు ఇళ్ళు చేరుకునే చప్పుడు వింటూనే గడిచిపోతున్నాయి. లిఫ్టు పద్నాలుగుతో సరి. అతని గదికి బటన్ లేదు. ఆ పైన పదహారు ఇనప మెట్లున్నాయి, వాటిని ఎవరూ ఎక్కరు. భవనంలో అందరూ అతన్ని లిఫ్టాయన అంటారు. అదీ ఇరుక్కున్నప్పుడు మాత్రమే అంటారు.

పోటీ సంగతి తెలిసింది కూడా లిఫ్టులోనే. అద్దం పక్కన ఎవరో పోస్టరు అంటించారు. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకే పూట. అడుగున ఒక వాక్యం: "పూర్తి చేసిన ప్రతి ఒక్కరికీ ముగింపు గీత దగ్గర ఘన స్వాగతం." నెల రోజులపాటు కిందికీ పైకీ తిరుగుతూ ఆ వాక్యమే చదివాడు. నలభై తొమ్మిదేళ్ళలో అతను ఏ తలుపు తెరిచినా లోపలివాళ్ళు అన్న మాట ఒకటే, "ఇంతసేపా?" అని. పెళ్ళి కాలేదు. ఈత వచ్చు, చిన్నప్పుడు కాలవలో పొట్ట కింద అరచెయ్యి పెట్టి అక్క నేర్పింది. పాత సైకిలొకటి ఉంది. పరుగంటారా, లిఫ్టు చెడినప్పుడల్లా పద్నాలుగు అంతస్తులు మెట్ల మీద పరిగెత్తేది అతనొక్కడే. పేరు ఇచ్చేశాడు.

ఆ అక్క అతనితో మాట్లాడి ఆరేళ్ళయింది. దానికి కారణం ఒక ట్యాగు.

లిఫ్టు పనిలో ఒక పద్ధతి ఉంది. లిఫ్టు తిరిగే షాఫ్టులోకి మనిషి దిగేముందు కింద మెయిన్ స్విచ్ కట్టేసి, దాని పక్క మేకుకు తన నంబరు ట్యాగు తగిలించాలి. అది అక్కడున్నంతసేపు మనిషి లోపలున్నట్టే లెక్క. తగిలించినవాడే తియ్యాలి, పని మొత్తం అయ్యాకే తియ్యాలి. మధ్యలో టీ తాగడానికి బయటికొచ్చినా ట్యాగు మేకు మీదే ఉండాలి. ఇరవై ఏళ్ళ కింద ఎవడో తొందరపడి ఇంకొకరి ట్యాగు తీసి స్విచ్ వేస్తే, అతనికి పని నేర్పిన మేస్త్రి షాఫ్టులో నలిగిపోయాడు. కంపెనీ ఒక పూలదండ పంపి చేతులు దులుపుకుంది. ఆ రోజు నుంచి అతనికి ట్యాగంటే ట్యాగే.

ఆరేళ్ళ కింద అక్క వాళ్ళ భవనంలో రిపేరు పని పడింది. ఇతనితో వచ్చిన తోటి మెకానిక్ ఒకడు లోపల మనుషులున్నారో లేదో చూడకుండా స్విచ్ కట్టేసి, తన ట్యాగు తగిలించి, స్పేరు పార్టు తేవడానికి ఊరి అవతలికి పోయాడు. మూడు నాలుగు అంతస్తుల మధ్య బావ ఇరుక్కున్నాడు. ఆ రోజు ఆయనకు ప్రమోషన్ ఇంటర్వ్యూ. స్విచ్ వెయ్యరా అని అక్క బతిమాలింది. "నా ట్యాగు కాదక్కా" అన్నాడు ఇతను. రెండున్నర గంటలు అదే మాటన్నాడు. లోపల బావ "ఎవరైనా ఉన్నారా" అని అరుస్తూనే ఉన్నాడు, అన్నం గిన్నె మూత లాంటి మొహంతో ఇతను స్విచ్ ముందు కాపలా కూర్చున్నాడు. చివరికి తలుపు తెరుచుకున్నాక అక్క ఒక్కటే అంది. "నీకు మనుషులు వద్దురా, ట్యాగులు చాలు." అంతే. మళ్ళీ ఫోన్ లేదు.

చెరువు దగ్గర ఆరింటికల్లా అరవై మూడు మంది చేరారు. అందరివీ గాలికన్నా తేలికైన సైకిళ్ళు. ఇతనిది వెనక క్యారియర్ ఉన్న ఇనప సైకిలు. స్టాండు దగ్గర కాపలావాడు ఎగాదిగా చూశాడు.

"పెద్దాయనా, పేపరు వేసే సైకిళ్ళు ఇక్కడ పెట్టకూడదు. ఆ బాత్రూముల వెనక పెట్టుకో."

"నేనూ పోటీలో ఉన్నానయ్యా."

"ఉంటే ఉన్నావులే. సైకిలు మాత్రం అక్కడ."

బాత్రూముల వెనక్కి తీసుకుపోయి పెట్టాడు. క్యారియర్ మీద కంపెనీ చొక్కా, గుడ్డ బూట్లు కట్టి ఉంచాడు. చెప్పులేసుకుని వచ్చి వరసలో నిలబడ్డాడు. బల్ల దగ్గర ఒక టీచరమ్మ కూర్చుని ఒక్కొక్కరి జబ్బ మీద మార్కరుతో నంబరు రాసి, చేతికో ట్యాగు ఇస్తోంది. అతనికి ముప్ఫై ఎనిమిది వచ్చింది.

"వెనక్కి తిప్పి ఫోన్ నంబరు రాయండి. మీది కాదు, మీవాళ్ళది. ఏదైనా అయితే చెయ్యడానికి."

"మావాళ్ళెవరూ లేరండి."

"ఎవరో ఒకరు ఉంటారుగా. ఖాళీగా ఉంటే నీళ్ళలోకి దింపొద్దన్నారు సెక్రటరీ గారు."

"పోనీ, నాదే రాస్తా."

"బాగుంది. మీరు నీళ్ళలో ఉంటారు, ఒడ్డున మీ ఫోను మోగుతుంది. నన్నెత్తమంటారా?"

వెనకనుంచి ఎవరో "కానివ్వండి బాబాయ్, మునగకముందే ఇంత ఆలోచనా" అన్నారు. వరసంతా నవ్వింది. అతను పెన్ను పట్టుకుని నిలబడిపోయాడు. సూపర్‌వైజరు ఆదివారం ఫోన్ ఎత్తడు. మేనేజరు ఎత్తినా, చచ్చే ముందు లీవు లెటరు ఇచ్చాడా అని అడుగుతాడు. చూడకుండా గుర్తున్న నంబరు లోకంలో ఒక్కటే ఉంది. ఆ పది అంకెలూ రాశాడు. రాసి, ఏం ఫరవాలేదని తనకు తాను చెప్పుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి లిఫ్టులోనూ "ఆపదలో ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని స్టిక్కరు అంటించేది తనే. కంపెనీ ఆ నంబరు కట్టేసి నాలుగేళ్ళయింది, ఇంకా అదే స్టిక్కరు అంటించమంటున్నారు. ఇలాంటి నంబర్లకు ఎవరూ చెయ్యరు.

ఒడ్డున ఒక చెక్క బోర్డు నిలబెట్టారు. దానికి అరవై మూడు మేకులు. క్లబ్బు సెక్రటరీ మైకు పట్టుకున్నాడు. రిటైరైన ఆఫీసరు ఆయన, జన్మలో నీళ్ళలో దిగిన మనిషి కాదు, మైకు వదిలిన మనిషీ కాదు. "నీళ్ళలోకి దిగే ముందు ప్రతి ఒక్కరూ తమ ట్యాగును తమ నంబరు మేకుకు తగిలించాలి" అన్నాడు. మెకానిక్ కళ్ళు చెమర్చినంత పనైంది. ఈ ప్రపంచంలో పద్ధతి తెలిసినవాడు ఇంకొకడున్నాడు. ఆ సంతోషంలో మిగతాది వినలేదు. వినాల్సిన అవసరమేముంది, ఆ పాఠం తను పద్దెనిమిది మందికి చెప్పాడు. మిగతాదాంట్లో సెక్రటరీ ఈత అయ్యాక ఎవరి ట్యాగు వాళ్ళు తీసేయాలని, సైకిలెక్కే ముందే తీసేయాలని మూడుసార్లు చెప్పాడు.

చెప్పులు బోర్డు కింద విడిచి, ట్యాగు తగిలించి, దిగాడు.

నీళ్ళు బాగున్నాయి. ఎన్నో ఏళ్ళ తరువాత పొట్ట కింద ఎవరో చెయ్యి పెట్టినట్టే అనిపించింది. చివరివాడిగా ఒడ్డెక్కాడు. అప్పటికి ఒడ్డున చప్పట్లు కొట్టేవాళ్ళంతా సైకిళ్ళ వెంట రోడ్డు దాకా పరిగెత్తారు. టీచరమ్మ టీకి వెళ్ళింది. అతను బోర్డు పక్కనుంచే నడిచాడు. అరవై రెండు మేకులు బోసిగా ఉన్నాయి. ముప్ఫై ఎనిమిది మీద తన ట్యాగు బుద్ధిగా వేలాడుతోంది. మిగతావాళ్ళ నిర్లక్ష్యానికి ఒళ్ళు మండింది. పని సగం కూడా కాలేదు, అప్పుడే పీకేశారు. చదువుకున్నవాళ్ళు ఇంతే అనుకుని, బాత్రూముల వెనక్కి పోయి, చొక్కా తొడుక్కుని సైకిలెక్కాడు. చొక్కా చేతుల కింద జబ్బ మీది నంబరు దాక్కుంది. వీపు మీద కంపెనీ ముద్ర, దాని కింద "మీ భద్రత మా బాధ్యత" అన్న అక్షరాలు మాత్రం కనిపిస్తున్నాయి.

ఎండ ఏడింటికే చురుక్కుమంటోంది. అయిదో కిలోమీటరు దగ్గర వెనకనుంచి మోటారు సైకిలు వచ్చింది, దాని మీద కార్యకర్త బ్యాడ్జీ పెట్టుకున్నవాడొకడు.

"పక్కకి, పెద్దాయనా. రేసు నడుస్తోంది, డ్యూటీకి ఇంకో దారిలో పో."

"నేనూ రేసులోనే..."

మోటారు సైకిలు అప్పటికే మలుపు తిరిగింది. కాసేపటికి ఎదురుగా మిగతావాళ్ళంతా గుంపుగా తిరిగొచ్చారు. ఎవరి మొహంలోనూ కళ లేదు. "బాగా తొక్కుతున్నారు" అని అరిచాడు. ఒక్కడూ పలకలేదు. గెలిచేవాళ్ళకు పొగరెక్కువని సరిపెట్టుకున్నాడు.

పదో కిలోమీటరు దగ్గర తిరిగే చోట ఒక బల్ల ఉంది. బల్ల మీద గ్లాసుల్లో నీళ్ళు, కుర్చీ మీద ఎవరిదో గొడుగు. మనిషి లేడు. అతను సైకిలు ఆపి, మర్యాదగా రెండు నిమిషాలు నిలబడ్డాడు. అడక్కుండా తీసుకుంటే బాగుండదు.

"ఎవరైనా ఉన్నారా?"

రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఖాళీ. రెండు గ్లాసులు తాగి, కడిగి, బోర్లించి పెట్టాడు. చివరివాడి కోసం గొడుగు కింద ఒక్క మనిషిని కూర్చోబెట్టలేకపోయారు. పోస్టరులో మాత్రం ప్రతి ఒక్కరికీ అని రాస్తారు.

తిరిగొచ్చేటప్పుడు అంబులెన్సు దాటిపోయింది. పాపం ఎవరికో అనుకుని దారిచ్చాడు. దాని వెనకాలే ఒక ఆటో వచ్చి, సైకిలు మీదికే ఎక్కినంత పని చేసింది. లోపలనుంచి ఒక ఆడగొంతు.

"సైకిలు పక్కకి తియ్యవయ్యా. అవతల ప్రాణం పోతుంటే రోడ్డుకి అడ్డంగా నీ షికారేంటి?"

ఆటో దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ గొంతు అచ్చం అక్క గొంతులా ఉంది. ఆరేళ్ళ తరువాత ఎండలో ఖాళీ కడుపుతో సైకిలు తొక్కితే ఎవరి గొంతైనా అక్క గొంతులాగే ఉంటుందని, తల విదిలించుకుని ముందుకు పోయాడు.

బాత్రూముల వెనక సైకిలు పెట్టేసరికి ఎనిమిది దాటింది. దూరంగా చెరువు గట్టున జనమంతా మూగి ఉన్నారు. మైకులో సెక్రటరీ గొంతు ఏదో గొణుగుతోంది. అతనికి అర్థమైపోయింది. బహుమతులు ఇచ్చేస్తున్నారు. చివరివాడు వచ్చేదాకా కూడా ఆగలేదు. గోడ నీడలో ఒక నిమిషం కూర్చున్నాడు. ఇప్పుడిలాగే గదికి పోయి బట్టలు ఉతుక్కోవచ్చు. పరుగు మానేస్తే అడిగేవాడు లేడు, పూర్తి చేస్తే చూసేవాడు లేడు. ఆ రెంటికీ తేడా లేదన్నది అతని మెడ మీద పడ్డ బండ. ఏడుపు కూడా వచ్చేదే, ఒంట్లో ఆ మాత్రం నీళ్ళు మిగల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది, మేకు మీద ట్యాగుంది. పని అవకుండా ట్యాగు తియ్యకూడదు. తియ్యకుండా పోనూకూడదు. లేచి, నేల మీద సున్నంతో గీసిన బాణాల వెంట, చెరువుకు వీపు చేసి, ఒక్కడే పరుగు మొదలుపెట్టాడు. దారి పొడవునా నీళ్ళ బల్లలు, ఒక్కదాని దగ్గరా మనిషి లేడు. రెండో బల్ల దగ్గర నుంచి ఎవరైనా ఉన్నారా అని అడగడం మానేశాడు.

తొమ్మిదికి తిరిగి చెరువు చేరితే ముగింపు గీత కనిపించలేదు. బ్యానరు కట్టిన రెండు కర్రలూ లేవు. గుంపు వెనక నిలబడి, రొప్పుతూ, ముందున్నాయన భుజం తట్టాడు. ఆయన ఇతని భవనంలోనే నాలుగో అంతస్తులో ఉండే లెక్చరరు. వెనక్కి తిరగలేదు.

"ముగింపు ఎక్కడండీ?"

"ముగింపేంటయ్యా, పోటీ ఆపేసి గంటన్నరైంది. బ్యానరు విప్పి స్ట్రెచరు కట్టారు. మనిషి మునిగాడు. ట్యాగు తీయలేదు, చెప్పులు ఒడ్డునే ఉన్నాయి."

"అయ్యో. ఎవరు?"

"మా లిఫ్టాయనే. మేమిద్దరం అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళం. రోజూ మాట్లాడుకోందే పొద్దుపోయేది కాదు."

తొమ్మిదేళ్ళలో ఈ లెక్చరరు అతనితో మొత్తం నాలుగు మాటలు మాట్లాడాడు, నాలుగూ "ఇంతసేపా" అన్నవే. అందుకని ఇంకెవరో లిఫ్టాయన అయి ఉంటాడనుకున్నాడు. నిజంగానే బాధ కలిగింది. అన్నదమ్ముల్లాంటి స్నేహితుణ్ణి వదిలి పోయాడు, అదృష్టవంతుడు. సాటి పనివాడికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దామని తలవంచుకున్నాడు. అప్పుడు గుంపు ముందునుంచి సెక్రటరీ మాటలు వినిపించాయి, ఈసారి మైకు లేకుండా.

"రెండున్నర గంటలైందమ్మా. ఇక ఆశ లేదు. ఆ ట్యాగు తీసేసి రిజిస్టరు మూసేద్దాం. ముఖ్య అతిథి గారు వెళ్ళిపోతానంటున్నారు."

"ముట్టుకుని చూడు, నీ చెయ్యి నీకుండదు."

"అమ్మా, రూలు ప్రకారం..."

"రూలు నాకు చెప్తావా? తగిలించినవాడే తియ్యాలి. ట్యాగు అక్కడుంటే మనిషి లోపలున్నట్టే. లోపలుంటే వెతకాల్సిందే. వెళ్ళే అతిథిని వెళ్ళమను, నువ్వు మాత్రం కదలకు."

"ఎక్కడి రూలమ్మా ఇది?"

"నా మొగుణ్ణి రెండున్నర గంటలు లిఫ్టులో ఉంచిన రూలు. ఆ రోజు తిట్టాను. ఈరోజు వాడికోసం అదే నిలబెడతాను."

మెకానిక్ కాళ్ళు వాటంతటవే కదిలాయి. జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చాడు. బోర్డుకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి, జుట్టు రేగిపోయి అక్క నిలబడి ఉంది. ఆమె చంక కిందనుంచి చెయ్యి పోనిచ్చి, ముప్ఫై ఎనిమిదో మేకు నుంచి తన ట్యాగు తీసుకున్నాడు. పని పూర్తయింది.

అక్క చూసింది. చెంప ఛెళ్ళుమనిపించింది. పోస్టరులో చెప్పిన ఘన స్వాగతం అదొక్కటే.

"ఎక్కడ చచ్చావురా?"

"పరుగు మిగిలిందక్కా."

"రోడ్డు మీద అడ్డమొచ్చిన సైకిలు నీదా?"

"నీ గొంతనే అనుకున్నా."

"అనుకుంటే పిలవొద్దట్రా, వెధవా" అని, కొట్టిన చెంప మీదే చెయ్యి పెట్టి ఏడ్చింది. సెక్రటరీ తేరుకుని మైకు వెతుక్కున్నాడు. ట్యాగు తీయనందుకు ముప్ఫై ఎనిమిదో నంబరును పోటీ నుంచి తొలగిస్తున్నట్టు ప్రకటించాడు. మిగతావాళ్ళెవరూ పూర్తి చెయ్యలేదు కదా, మరి ఎవరు గెలిచినట్టు అని టీచరమ్మ అడిగింది. ఆయన మైకు కట్టేశాడు.

సరిగ్గా అప్పుడు చెరువు నడిమధ్య నుంచి సన్నగా ఒక కేక వచ్చింది.

"ఎవరైనా ఉన్నారా?"

అక్క నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యయ్యో, మీ బావ."

క్లబ్బు వారి రక్షణ పడవలో పెట్రోలు లేదు. ఉన్నదల్లా పిల్లలు ఎక్కే హంస పడవ, కాళ్ళతో తొక్కేది. ఈత రాని బావ, నీళ్ళంటే వణికే బావ, దాన్నెక్కి మూడుసార్లు చెరువంతా గాలించాడట. మూడోసారి నడిమధ్యలో పెడలు ఊడిపోయింది. తెల్లటి హంస మెడను కౌగిలించుకుని, ఎక్కడున్నవాడక్కడే గుండ్రంగా తిరుగుతున్నాడు.

మెకానిక్ చొక్కా విప్పి నీళ్ళ వైపు పరిగెత్తాడు. మోకాళ్ళలోతు దిగి, ఆగి, వెనక్కి వచ్చాడు. ట్యాగు మేకుకు తగిలించబోయాడు. అక్క అది లాక్కుని వెనక్కి తిప్పి, తన నంబరు కింద బావ నంబరు కూడా రాసింది.

"ఎప్పుడైనా నేనెత్తకపోతే ఆయనెత్తుతారు. ఇప్పుడు తగిలించు."

హంసను చేరేసరికి చేతుల్లో సత్తువ లేదు. వెనకనుంచి తల ఆనించి నెట్టడం మొదలుపెట్టాడు. బావ వెనక్కి తిరగడానికి భయపడి, హంస మెడతోనే మాట్లాడాడు.

"ఎవరది?"

"నేను బావా."

బావ హంస మెడను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"బతికే ఉన్నావా?"

"ఉన్నా బావా."

"ఈసారి ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు. ట్యాగు నాదే."

సోమవారం ఫలితాల కాగితం లిఫ్టులో అంటించారు. ముప్ఫై ఎనిమిదో నంబరు ఎదురుగా, ఈత రెండు గంటల ముప్ఫై నాలుగు నిమిషాలు అని ఉంది. సైకిలు, పరుగు గడుల్లో "పాల్గొనలేదు" అని ఉంది. లెక్చరరు దాన్ని చదువుకుంటూ నాలుగో అంతస్తులో దిగిపోయాడు. అన్నదమ్ముల్లాంటివాడు వెనక నిలబడి ఉన్నాడని చూసుకోలేదు.

ఆ సాయంత్రం గోడ అవతల మోటారు గుర్రుమంది. నాలుగు దాటింది, తొమ్మిది దాటింది, పద్నాలుగులో టక్కుమని ఆగింది. అతను అలవాటుగా, ఎవరో ఇల్లు చేరారనుకున్నాడు. ఇనప మెట్లు చప్పుడయ్యాయి. ఒకటి, రెండు, మూడు, పదహారు దాకా లెక్కపెట్టి తలుపు తీస్తే, ఆయాసపడుతూ అక్క.

బావ మరో అరగంటకు వచ్చాడు, పద్నాలుగు అంతస్తులూ మెట్ల మీదే.